పుస్తకం ముట్టని పిల్లవానికి కథ

పాఠ్యపుస్తకం తప్ప మరొకటి ముట్టని పిల్లలను చూచి ఉపాధ్యాయులు విచారించటం పరిపాటి. పిల్లలకు శ్రద్ధ లేదని కొందరు, సినిమాలూ సెల్‌ఫోన్లూ చెడగొట్టినవని కొందరు అంటారు. కాని ముందుగా అడుగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది: పుట తిప్పకుండా ఉండలేనట్లు ఆ పిల్లవాని కోసం ఎవరు ఏమి వ్రాసినారు?

తెలుగులో దీనికి దొరికే గట్టి సమాధానం 'చందమామ'. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ప్రారంభించిన ఆ మాసపత్రిక సంపాదక బాధ్యతను 1952 నుండి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావుగారు నిర్వహించినారు. ఆయన భౌతికశాస్త్రం చదివినవారు, హేతువాది. అట్టివారి చేతిమీదుగా మాంత్రికుల కథలు, రాక్షసుల కథలు వెలువడటం వింతగా తోచవచ్చును. అయితే పిల్లలను పట్టి కూర్చుండబెట్టినది మంత్రం ఒక్కటే కాదు. కథ నడిచిన తీరు.

ఆ తీరులో మూడు గుణాలు కనిపిస్తవి. మొదటిది, చిన్న వాక్యం, తెలిసిన మాట. కూడబలుక్కొని చదివేవానికి పెద్ద సమాసం ఎదురైతే అక్కడనే పుస్తకం మూసివేస్తాడు. రెండవది, బొమ్మ. చిత్రా, శంకర్‌గార్ల బొమ్మలు చదువు నెమ్మదిగా సాగేవానికి ఊతకర్రలైనవి. మూడవది, సందేహం. దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క' 1954లో ధారావాహికగా మొదలైనది. తరువాత ఏమగునో అన్న ఆత్రంతో పిల్లలు నెల పొడుగునా ఎదురు చూచినారు. బేతాళకథలలో ఈ సందేహం మరింత పదును తేలినది. కథ చెప్పి, చిక్కుప్రశ్న వేసి, బేతాళుడు ఆగుతాడు. రాజు నోరు విప్పేలోగా చదివేవాడు కూడ తన సమాధానం సిద్ధం చేసుకుంటాడు. ఆధారాలు చూచి తీర్పు చెప్పటం శాస్త్రానికి కూడ మొదటి మెట్టే.

ఈ పాఠాన్ని విజ్ఞానకథలు వ్రాసేవారిలో చాలమంది నేర్వలేదు. వారి కథలో ఒక తాత, ఒక మనుమడు ఉంటారు. మనుమడు "ఆవిరి అంటే ఏమి తాతా?" అంటాడు, తాత రెండు పుటలు ఉపన్యసిస్తాడు. ఇది చేదుమాత్రకు బెల్లం పూయటమే. పిల్లవాడు బెల్లం చప్పరించి మాత్ర ఉమ్మివేస్తాడు.

చందమామకు కూడ ఒక లోటు ఉన్నది. రాజధానులు, అరణ్యాలు, పచ్చని గ్రామాలు అందులో కొల్లలు. అనంతపురం, గుత్తి నడుమ పెన్న ఒడ్డున ఉన్న పామిడి పిల్లవానికి మాత్రం తన ఊరు అందులో దొరకదు. ఏటిలో నీటికంటె ఇసుకను ఎక్కువగా చూచినవాడు, వేరుశనగ చేను ఎండటం ఎరిగినవాడు, తన కష్టం కూడ కథకు తగినదని ఎక్కడ తెలుసుకుంటాడు?

ఇటువంటి కథకు వస్తువు అక్కడి నేలలోనే ఉన్నది. ఒక రైతు అరచేతిలో కొబ్బరికాయ పెట్టించి, అది లేచిన చోట బోరు వేయిస్తాడు. దుమ్ము లేస్తుంది. పది గజాల అవతల పొరుగువాని బోరులో నీరు పడుతుంది. ఎందుకు? ఆ ప్రాంతంలో అడుగున ఉన్నది గ్రానైటు జాతి గట్టి రాయి. శిథిలమైన పై పొరలోను, రాతి పగుళ్ళలోను తప్ప అందులో నీరు నిలువదు. పగులు తగిలితే నీరు, తగలకుంటే దుమ్ము. ఆ పగులునే మరొకడు ఇంకా లోతున అందుకుంటే మొదటి బోరు ఎండవచ్చును. అన్నదమ్ములవంటి ఇరుగుపొరుగులు శత్రువులు కావచ్చును. ఏ రాకాసిలోయకూ తీసిపోని ఉత్కంఠ ఇది.

అట్టి కథలో కొబ్బరికాయను ఎగతాళి చేయనక్కరలేదు. అప్పు తెచ్చి బోరు వేసే తండ్రిని నవ్వులపాలు చేస్తే పిల్లవాడు ఆ పుస్తకాన్ని క్షమించడు. కాయ లేచిన చోట్ల ఎన్నిటిలో నీరు పడినది, ఎన్నిటిలో పడలేదు అని కథలోని బాలిక గోడమీద బొగ్గుతో గీతలు గీస్తే చాలును. లెక్క చదువరి కూడ వేసుకుంటాడు.

మంచి విజ్ఞానకథకు కొలత ఇదే: శాస్త్రాన్ని తీసివేస్తే కథ నిలువరాదు. బోరు కథలో రాతి పగులు లేకుంటే తగవే లేదు. ఉపాధ్యాయులు కథను తరగతిలో బిగ్గరగా చదివి, చిక్కుముడి వద్ద ఆపి, పుస్తకాన్ని బల్లమీదనే వదలిపెట్టి చూడవచ్చును. గంట కొట్టిన తరువాత దానిని తీసుకొన్నవాడు ఎవడో గమనిస్తే, ఆ కథ ఎవరికి పనికివచ్చినదో తెలియగలదు.