తెలిసిన నేల మీద రెండో ఆట

ఆటగాణ్ణి ఒక దశ నుంచి మరో దశకు వరుసగా నడిపించకుండా, విశాలమైన భూభాగంలో వదిలి, ఎటు వెళ్లాలో అతడి ఇష్టానికే విడిచిపెట్టే ఆటను ఓపెన్ వరల్డ్ గేమ్ అంటారు. క్యోటోకు చెందిన నింటెండో సంస్థ 2017లో విడుదల చేసిన జెల్డా గేమ్ 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' ఈ తరహాకు కొలమానంగా నిలిచింది. అదే దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి, అదే నిర్మాత ఎయిజి ఆవోనుమా 2023లో అందించిన 'టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్' దాన్ని మించిందా అన్న వాదం ఇంకా తెగలేదు. తొలి ఆటకు అనుబంధంగా తలపెట్టిన ఆలోచనలు మరీ ఎక్కువ కావడంతోనే ఈ రెండో ఆట పుట్టింది కనుక, రెండింటిలోనూ హైరూల్ రాజ్యపు నేల దాదాపు ఒకటే. వాదమంతా ఆ నేల చుట్టూనే తిరగాలి.

తొలి ఆటలో కథానాయకుడు లింక్ దాదాపు ఏ కొండనైనా ఎక్కగలడు గాని, ఎక్కేకొద్దీ తెరమీద పచ్చని చక్రంగా కనిపించే అతడి దమ్ము తరిగిపోతుంది, వాన పడితే పట్టు జారుతుంది. అందువల్ల ఆటగాడు ప్రతి వాలునూ, ప్రతి మబ్బునూ శ్రద్ధగా గమనిస్తూ ముందుకు సాగుతాడు. రెండో ఆటలోని అల్ట్రాహ్యాండ్ అనే శక్తి దుంగలను, చక్రాలను, ఫ్యాన్లను ఎత్తి, తిప్పి, ఒకదానికొకటి అతికించి బండో పడవో విమానమో చేసుకోనిస్తుంది. ఆటగాడు ఎంత వింతగా అతికించినా ఆ వస్తువు తన బరువుకు తగినట్టే కదిలేలా చూడడం అసాధారణమైన నిర్మాణ కౌశలం. ఈ విషయంలో తొలి ఆట దాని దరిదాపులకు కూడా రాదు. అయితే నడిపే పిడికి రెండు ఫ్యాన్లు బిగించి ఎగిరిపోగలిగినవాడికి కొండ అడ్డు కాదు, అడ్డు కాని కొండను పరిశీలించవలసిన పనీ ఉండదు. పనిముట్ల ఆటగా రెండోది గొప్పదే గాని, నేలను తెలుసుకునే ఆటగా తొలిదానిదే పైచేయి అన్నది ఇక్కడి నిశ్చితాభిప్రాయం.

కొత్తగా చేర్చిన ఆకాశ ద్వీపాలు, ఆట మొదలయ్యే పెద్ద ద్వీపాన్ని మినహాయిస్తే, చాలావరకు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. భూమి అడుగున పరచుకున్న 'డెప్త్స్' అనే చీకటి లోకం మాత్రం వేరు: పైన కొండ ఉన్నచోట అక్కడ లోయ, పైన పల్లం ఉన్నచోట మిట్ట, పైన నీరున్నచోట దాటరాని గోడ, నేల మీద ఉన్న ఒక్కొక్క ష్రైన్‌కు, అంటే చిక్కుముడులతో నిండిన పరీక్షా మందిరానికి, సరిగ్గా దిగువన చీకటిని తొలగించే లైట్‌రూట్ ఒకటి ఉంటుంది. తొలి ఆటలో హైరూల్ కొండలను ఓపికగా ఎక్కిన ఆటగాడికి ఆరేళ్ల తర్వాత ఆ జ్ఞాపకమే అడుగులోకంలో దారి చూపే పటంగా మారుతుంది, కొత్త ఆట పాత ఆట మీద నిజంగా ఆధారపడి ఎదిగినది ఇక్కడే.