ఏలీయా తాత, ఎలైజా మనవడు

పసుపు ఉడకబెట్టే రోజుల్లో దొంకేశ్వర్ వెళ్తే చిన్ననాటి దోస్తు ఫోన్ నా ముందు పెట్టాడు. కొడుక్కి పేరు కావాలట. "బైబిల్లదే ఉండాలె, గని ఎవ్వరికీ ఉండొద్దు." లిస్టులో ఎజ్రా, ఆషర్, సైలస్, ఎలైజా. చివరిదానికి టిక్కు కొట్టుకున్నాడు. వాళ్ళ తాతను చర్చిలో ఏలీయా అని పిలిచేవాళ్ళు. రెండూ ఒకటే పేరని వాడికి తట్టలేదు.

ఇలాంటి పేర్ల జోరు అమెరికాలో ముందే మొదలైంది. 2013లో అక్కడి మగపిల్లల పేర్లలో నోవాదే మొదటి స్థానం. మన బైబిల్లో అతను నోవహు. సైలస్ మనకు సీల. వినగానే మేకు గుర్తొస్తుంది, ఎవరు పెట్టుకుంటారు?

ఇదంతా ఇంగ్లీషు మోజు అనేయబోయి ఆగాను. 'గబ్బిలం' (1941) రాసిన జాషువ పేరు కూడా తెలుగు బైబిల్లోని యెహోషువ కంటే ఇంగ్లీషు పలుకుబడికే దగ్గర. ఆయన పద్యాలతో పాటు అదీ మనదైపోయింది.

నన్ను ఆపింది ఇంకొకటి. తాత పేరు చర్చి గడప దాటలేదు; బడి రికార్డులో వేరే పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సి. అందుకే "అరుదైన పేర్లు" అనే మాట నాకు మింగుడుపడదు. మన దగ్గర కొన్ని పేర్లు కాగితం మీదికి రాకే అరుదయ్యాయి.

ఇదంతా విని దోస్తు కాసేపు మాట్లాడలేదు. "ఎలైజానే పెడ్త. సర్టిఫికెట్ల గూడ గదే."

నాకైతే ఏలీయానే ఇష్టం. కానీ బిడ్డ వాడిది.