ఏకవ్యక్తి పత్రికలు - గుణదోష పరామర్శ

తెలుగు వచనచరిత్రలో గ్రంథములకు లభించిన పరిశీలన చిన్న పత్రికలకు లభింపలేదు. ఒక వ్యక్తి తన అభిప్రాయములను వెల్లడించుటకై నెలకొల్పి, ముఖ్య రచయితయు సంపాదకుడును తానే అయి నడపిన దానిని ఏకవ్యక్తి పత్రిక అనవచ్చును. దాని చుట్టు కొలదిమంది చదువరులు చేరుదురు. వారు చదివి ఊరకుండరు. మెచ్చుకొందురు, ఆక్షేపింతురు, కొందఱు తామును వ్రాయుదురు. ఈ కూటమియే అట్టి పత్రికకు ప్రాణము. దానికి అపాయము కలుగుటయు తఱచుగ ఈ కూటమి మూలముననే. ఈ సంగతిని తెలుపు ఉదాహరణములలో కొన్ని చెన్నపట్టణముతోను, పర్లాకిమిడితోను ముడివడియున్నవి. నేడు ఆ రెండును ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల నున్నవగుటచే, ఈ సంపుటమును చదువువారికి ఈ చర్చ పరాయిది కాదు.

కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు 1871లో చెన్నపట్టణమున ‘ఆంధ్రభాషాసంజీవని’ని స్థాపించిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించిరి. మొదట అది కూడ చెన్నపట్టణముననే అచ్చయినది. తరువాత రాజమహేంద్రవరమున సొంత ముద్రణాలయము ఏర్పడినది. కొక్కొండవారు ప్రౌఢగ్రాంథికమునకును పూర్వాచారమునకును పక్షపాతులు, వీరేశలింగముగారు సంస్కర్త. స్త్రీవిద్య మొదలగు విషయములందు ఈ పత్రికలు ఎదురెదురుగ నిలిచినవి.

ఈ వాదము వలన తెలుగునకు కలిగిన మేలు చిన్నది కాదు. పుస్తకమునకు పుస్తకముతో బదులు చెప్పవలెనన్న ఏండ్లు పట్టును. పత్రికలోని మాటకు తరువాతి సంచికలోనే బదులు వచ్చును. అట్లు బదులు చెప్పువాడు నిఘంటువును వెదకించు వాక్యములు వ్రాసినచో చదువరి చేజారిపోవును. ఎదుటివాని ముఖము చూచి మాటాడినట్లు వ్రాయవలసిన అవసరము తెలుగు వచనమును తేటపఱచినది. ‘రాజశేఖరచరిత్రము’ 1878లో వివేకవర్ధనిలో వెలువడ నారంభించి, 1880లో గ్రంథమైనది. నెలనెల పాఠకులతో మాటాడిన అలవాటు ఆ కథనమునకు బలమిచ్చినదనుట అతిశయోక్తి కాదు.

కాని సామీప్యము స్నేహమునకెంత చోటిచ్చునో కలహమునకును అంత చోటిచ్చును. కొక్కొండవారు ‘హాస్యవర్ధని’ని వెలువరింపగా, వీరేశలింగముగారు 1876లో ‘హాస్యసంజీవని’ని వెలువరించిరి. ఒకరు ఎదుటివారి పత్రిక పేరులోని ‘వర్ధని’ని, మఱియొకరు ‘సంజీవని’ని గైకొని, హాస్యమను మాటను ముందు తగిలించిరి. ఎత్తిపొడుపు పేరులోనే మొదలైనది. ఆ కాలపు చదువరులకు ఇది వేడుక. కాని వ్యక్తిపై విసరిన చమత్కారము ఆ వ్యక్తిని ఎఱిగినవారు గతించగనే వ్యాఖ్యానము లేనిదే బోధపడదు. హాస్యసంజీవనిలోనే వెలువడిన ‘బ్రహ్మవివాహము’ అట్లు కాలేదు. ముదుసలి పసిబాలికను పెండ్లాడు దురాచారమును అది పరిహసించినది. అందు గుఱి ఆచారము, వ్యక్తి కాదు. కనుకనే నేటికిని దానిని చదివి నవ్వవచ్చును, సిగ్గుపడవచ్చును.

కలహమునకు విరుద్ధమైన అపాయము మఱియొకటి కలదు. అది ఏకాభిప్రాయము. ఇంగ్లండున ఆడిసనును స్టీలును 1711లో ‘స్పెక్టేటరు’ను ప్రారంభించి, కల్పితమైన యొక మిత్రమండలిని ఏర్పఱచిరి. ఆ మార్గమున పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు 1913లో ‘సువర్ణలేఖ’లో ‘సాక్షి’ వ్యాసములను మొదలుపెట్టిరి. తరువాత అవి ‘ఆంధ్రపత్రిక’లో వెలువడినవి. సువర్ణలేఖ గాని, ఆంధ్రపత్రిక గాని పానుగంటివారి సొంత పత్రిక కాదు. కాని సాక్షిసంఘము వారి సొంత కూటమియే. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యుడు, వాణీదాసుడు, బొఱ్ఱయ్యసెట్టి అందు సభ్యులు. అయిదుగురుండియు ఎక్కువగ వినబడునది జంఘాలశాస్త్రి గొంతే. ఆ ఉపన్యాసముల ధార అసామాన్యము. తెలుగువాని బలహీనతలను అంత నిర్మొగమాటముగ చెప్పినవారు అరుదు. అయినను తక్కినవారు శాస్త్రిని గట్టిగ నిలదీయు ఘట్టములు కొలదియే. చర్చాసభగ మొదలైనది శ్రోతల సభగ మాఱినది. కల్పిత సంఘమునకే ఇట్లు సంభవించినప్పుడు, పరస్పర ప్రశంసకు అలవడిన నిజమైన మిత్రమండలికి సంభవించుటలో వింత లేదు.

మూడవ మార్గము గిడుగు రామమూర్తి పంతులుగారిది. 1919లో వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజమునకు వీరేశలింగముగారు అధ్యక్షులును, రామమూర్తిగారు కార్యదర్శియు నైరి. ఆ యేటనే రామమూర్తిగారు పర్లాకిమిడినుండి ‘తెలుగు’ అను మాసపత్రికను నడపిరి. అది ఒక యేడాది మాత్రమే సాగినది. ఒక్కని శ్రమపై నిలిచిన పత్రిక ఆయుర్దాయము ఇట్టిదే. కాని వారు తమ పక్షమువారి మెప్పుకొఱకు వ్రాయలేదు. పూర్వుల రచనలనుండియే ప్రయోగములను చూపి, అంగీకరింపనివారిని ఒప్పింపవలెనని వ్రాసిరి. పత్రిక ఆగినను వాదము ఆగకపోవుటకు ఇదియే కారణము. 1936లో పర్లాకిమిడి ఒడిసాలో చేరగా వారు రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. వ్యావహారికము మాత్రము పత్రికలకును పాఠశాలలకును వ్యాపించినది.

ఈ ఉదాహరణములనుండి తేలునది ఒక్కటే. చదువరుల కూటమి రచయితకు ధైర్యమును, వేగమును, సహజమైన భాషను ఇచ్చును. ఆ కూటమిని మెప్పించుటయో, ప్రత్యర్థిని నొప్పించుటయో పరమార్థమైనప్పుడు రచన ఆ గుమ్మము దాటదు. కూటమికి వెలుపలనున్నవాడు, అంగీకరింపనివాడు, ఇంకను పుట్టనివాడు చదువునన్న ఎఱుకతో వ్రాసినదే నిలుచును.

ఇతర రాష్ట్రములలోని తెలుగువారికి ఈ విషయము మఱింత ముఖ్యము. బడిలో తెలుగు గంటలు తగ్గుచున్నచోట, బాలుడు తన మాటను తెలుగున అచ్చులో చూచుకొనుటకు సంఘపు చిన్న పత్రికయే ఆధారము కావచ్చును. అది పెద్దల పరస్పర సన్మానములకో, రెండు వర్గముల తగవులకో తావైనచో, మొట్టమొదట దూరమగువాడు ఆ బాలుడే. అంగీకరింపనివాని లేఖకు ఒక పుటను, క్రొత్తగ వ్రాయువానికి ఒక పుటను ప్రతి సంచికలో విడిచిపెట్టు పత్రిక, స్థాపకుని తరువాతను బ్రదుకగలదు.