పేస్ట్ చేయనివ్వండి

వెబ్‌సైట్లు కట్టడం నా వృత్తి. ఏ కొత్త సైట్‌కి వెళ్లినా నా కళ్లు ముందు లాగిన్ పేజీనే వెతుకుతాయి. అక్కడ పాస్‌వర్డ్ పేస్ట్ కాకపోతే కట్టినవాళ్ల మీద నమ్మకం సగం పోతుంది.

పేస్ట్‌ను ఆపడానికి ఒక్క లైను కోడ్ చాలు. ఎందుకని అడిగితే భద్రత కోసం అంటారు. ఎవరి నుంచి? వేల పాస్‌వర్డులు వరసగా ప్రయత్నించే దొంగ ప్రోగ్రాం ఆ పేజీ తెరవనే తెరవదు, నేరుగా సర్వర్‌కే పంపుతుంది. అడ్డు తగిలేది పాస్‌వర్డులు దాచి అందించే పాస్‌వర్డ్ మేనేజర్ వాడే మనిషికే. పొంతన లేని ఇరవై అక్షరాలు రోజూ చేత్తో కొట్టలేక, ఆయన చివరికి పిల్లల పేరూ పుట్టిన ఏడాదీ కలిపి పెట్టుకుంటాడు. బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం 2017 జనవరిలోనే పేస్ట్‌ను ఆపొద్దని చెప్పింది. అదే ఏడాది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా పేస్ట్‌కు వీలివ్వాలని రాసింది. ఇంకా ఆపుతూనే ఉన్నారంటే నాకు బాధగానే ఉంటుంది.

డబ్బు పంపేటప్పుడు ఖాతా నంబరును రెండోసారి కొట్టమనడం వేరు. అక్కడ ఒక్క అంకె తప్పితే సొమ్ము ఇంకొకరికి పోతుంది. పాస్‌వర్డ్ తప్పితే తలుపు తెరుచుకోదు, అంతే.

క్లిప్‌బోర్డ్‌తో ప్రమాదం లేదనను. కాపీ చేసింది మరొకటి కాపీ చేసేదాకా అక్కడే ఉండిపోవచ్చు, ఫోన్‌లోని వేరే యాప్ దాన్ని చదవొచ్చు. అలా చదివినప్పుడు 2020లో వచ్చిన ఐఓఎస్ 14 తెరమీద చెప్పడం మొదలుపెట్టాకే, ఎన్ని యాప్‌లు తొంగిచూస్తున్నాయో జనానికి తెలిసింది. ఆండ్రాయిడ్ 10 వెనకాల నడిచే యాప్‌లకు ఆ దారి మూసింది. కీపాస్‌ఎక్స్‌సీ లాంటి మేనేజర్లు కాపీ అయిన పాస్‌వర్డ్‌ను కొన్ని సెకన్లలో చెరిపేస్తాయి. మందు పడాల్సిన చోటు అదీ. పాస్‌వర్డ్ లాగిన్ పేజీ దాకా వచ్చేసరికే కాపీ అయిపోయి ఉంటుంది, అక్కడ పేస్ట్ ఆపి కాపాడేదేముంది?

నిజానికి పేస్ట్ కంటే మేనేజర్ తానే నింపడం మేలు. అది సైట్ చిరునామా సరిచూసుకుంటుంది, నకిలీ పేజీలో నోరు మెదపదు. పేస్ట్‌కు ఆ తెలివి లేదు. అందుకే నేను కట్టే పేజీల్లో మేనేజర్ గుర్తుపట్టేలా పాస్‌వర్డ్ గడికి గుర్తు రాస్తాను, అరవై నాలుగు అక్షరాల దాకా చోటిస్తాను, కొట్టింది చూసుకోవడానికి కంటి బొమ్మ పెడతాను. పేస్ట్ జోలికి వెళ్లను.