కాలికీ నీటికీ కుదిరిన ఫిన్స్

నంద్యాలకు సముద్రం చాలా దూరం. అయినా మా యాగంటి, బనగానపల్లె, ఆళ్లగడ్డ వైపు కుర్రాళ్లకు ఈ మధ్య స్కూబా మీద మోజు పుట్టింది. సెలవులకు విశాఖ వెళ్తారు. రుషికొండలో శిక్షకుడి చెయ్యి పట్టుకుని ఒకసారి నీటి అడుగుకు దిగి వస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ మాట తప్ప మరో మాట ఉండదు. కోర్సు చేయాలంటారు, సొంత సామాను కొనుక్కోవాలంటారు. అలా ముచ్చట పడుతున్న ఆళ్లగడ్డ కుర్రాడొకడు మొన్న నాకు రెండు జతల ఫిన్స్ ఫొటోలు పంపి, "అన్నా, ఈ రెండిట్లో యా కంపెనీవి కొనాల?" అని అడిగాడు. "కంపెనీ సంగతి తర్వాత చూద్దాం గానీ, నువ్వు ఎట్లాంటి నీళ్లలో దిగుతావు, నీ మోకాళ్లు ఎట్లున్నాయి, ముందు అది చెప్పు నాయనా" అన్నాను. ఈ వారం ఆ సంభాషణనే విడమరిచి రాస్తున్నాను.

డైవింగ్ సామానులో మాస్కుకు, మణికట్టు కంప్యూటరుకు ఉన్నంత గౌరవం ఫిన్స్‌కు లేదు. అవి చూడ్డానికి కాళ్లకు తొడుక్కునే రెండు ప్లాస్టిక్ పలకలు, అంతే. కానీ నీటి కింద మనిషి ఎంత అలసిపోతాడు, సిలిండర్‌లోని గాలి ఎంతసేపు వస్తుంది, అడుగున ఉన్న ఇసుకనూ జీవాలనూ ఎంత కదిలిస్తాడు అనేవి చాలావరకు ఆ పలకలతోనే తేలిపోతాయి. ఫిన్స్ ఎంచుకోవడమంటే నీళ్లలో ఎలా మెలగాలో ఎంచుకోవడమే అని నా నమ్మకం.

మా వైపు ఈత వేరు. దిగుడు బావుల్లో, కేసీ కెనాల్లో, కుందూలో నేర్చిన ఈత మాది. బెండ్లు కట్టుకుని దిగి, బారలు వేస్తూ అవతలి ఒడ్డు పట్టుకోవడమే లక్ష్యం. బలమంతా భుజాల్లోనే ఉంటుంది, కాళ్లు వెనకాల నీటిని చిమ్ముతూ ఉంటాయి. స్కూబాలో ఈ లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. అక్కడ చేతులు కట్టుకుని కూర్చోవాలి. బార వేస్తే ముందుకు పోయేది కొంచెం, శ్రమ మాత్రం బోలెడు. పైగా చేయి తగిలి పక్కవాడి మాస్కు ఊడిపోవచ్చు. పని మొత్తం తుంటి నుంచి కాలివేళ్ల దాకా సాగాలి. బావి ఈతలో ఆరితేరినవాళ్లకే ఈ మార్పు కష్టం, ఎందుకంటే వాళ్ల చేతులు మాట వినవు. కాళ్ల మీద నమ్మకం కుదిరితేనే చేతులు ఊరుకుంటాయి. ఆ నమ్మకం కుదరాలంటే ఫిన్ కాలికి సరిపోవాలి.

శ్రమకూ గాలికీ ఉన్న లంకె తెలిస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. నీటి సాంద్రత గాలి సాంద్రతకు దాదాపు 800 రెట్లు. నీళ్లలో వేగం రెండింతలు చేయాలంటే ఎదురయ్యే నిరోధం నాలుగింతలవుతుంది, పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలవుతుంది. మరోపక్క 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు, 20 మీటర్ల దగ్గర మూడింతలు. అక్కడ పీల్చే ఒక్కో శ్వాసకు సిలిండర్ నుంచి ఆ లెక్కనే రెండింతలో మూడింతలో గాలి ఖర్చవుతుంది. అంటే లోతులో కాళ్లు వృథాగా ఆడించినవాడు రెండు వైపులా నష్టపోతాడు. కాలికి కుదరని ఫిన్స్‌తో దిగినవాడు జట్టులో అందరికన్నా ముందు గాలి అయిపోయి పైకి రావడంలో వింతేమీ లేదు.

మనిషి ఈ సంగతి చాలాకాలం నుంచి తడుముకుంటూ వచ్చాడు. అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నప్పుడు బొటనవేలు దూరేందుకు రంధ్రం పెట్టిన చెక్క పలకలు చేసుకుని, వాటిని చేతులకు తగిలించుకుని ఈదాడు. వేగం పెరిగింది గానీ మణికట్లు అలసిపోయాయి. కాళ్లకు కూడా చెప్పుల్లాంటివి కట్టి చూశాడు గానీ అవి నచ్చలేదు. ఈతలో తోపు అరికాలి నుంచే కాదు, పాదం లోపలి అంచు నుంచీ చీలమండ నుంచీ కూడా వస్తుందని గమనించాడు. ఈనాటికీ ఫిన్ కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది. మనం ఇప్పుడు చూస్తున్న రబ్బరు ఫిన్స్‌కు ఫ్రెంచి నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియూ 1933లో పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో ఓవెన్ చర్చిల్ అనే పడవ పందేల క్రీడాకారుడు వాటిని తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ ఈతగాళ్లు వాడారు. 1943లో కూస్తో, గాన్యాఁ కలిసి నీటి కింద ఊపిరి అందించే రెగ్యులేటర్ తయారుచేశారు. గాలీ ఫిన్సూ చేతికి వచ్చాక మామూలు మనిషికి సముద్రం అడుగున దారి దొరికింది.

ఇక ఎంపిక. మొదట చూడాల్సింది పాదం. ఫిన్స్ ప్రధానంగా రెండు రకాలు. ఒకటి బూటులాగా పాదం మొత్తం దూర్చేది, వట్టి కాలికే తొడుగుతారు. రెండోది మడమ దగ్గర తెరిచి ఉండి వెనక పట్టీతో బిగించేది, దీనికి లోపల నియోప్రీన్ బూటీ తప్పనిసరి. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ లాంటి చోట వెచ్చటి నీళ్లు, పడవ మీంచే దూకడం. అక్కడ మొదటి రకం హాయిగా ఉంటుంది, సంచిలో బరువూ తక్కువ. రాళ్లూ నత్తగుల్లలూ ఉన్న ఒడ్డు నుంచి నడిచి దిగాల్సిన చోట మాత్రం బూటీ లేకపోతే అరికాలు చీరుకుపోతుంది. అక్కడ రెండో రకమే మంచిది. పట్టీలో కూడా తేడా ఉంది. రబ్బరు పట్టీకి కొస వేలాడుతుంది, బకిల్ ఉంటుంది. స్టీలు స్ప్రింగు పట్టీకి అవేవీ ఉండవు, తడి చేతులతో ఒక్కసారి లాగితే మడమకు పడుతుంది. విజయనగరం జిల్లా చింతపల్లి తీరం దగ్గర మునిగి ఉన్న పాత ఓడ లాంటి చోట్లకు వెళ్లాలనుకునేవాళ్లు దీన్ని ఆలోచించాలి. మునిగిన ఓడల మీద తెగిన వలలు చిక్కుకుని ఉండటం మామూలే, వేలాడే ప్రతి కొసా వాటికి తగులుకుంటుంది.

కొలత చూసేటప్పుడు తొందర పనికిరాదు. బూటీ ముందు కొని, దాన్ని తొడుక్కుని ఫిన్ వేసుకుని చూడాలి. బూటు సైజు నంబరు చెప్పి తెప్పించుకోవడం సరిపోదు, ఒక కంపెనీ కొలత ఇంకో కంపెనీకి కలవదు. తొడిగాక కుర్చీలో కూర్చుని కాలు గాల్లో ఆడించాలి. మడమ కదలకూడదు. వేళ్లు ముడుచుకోకూడదు. పాదం మీది వంపు దగ్గర నొక్కుడు ఉంటే ఆ జత పక్కన పెట్టేయడమే. బిగుతైతే పిక్క పట్టేస్తుంది, వదులైతే బొబ్బలెక్కుతుంది, కెరటం దెబ్బకు ఊడిపోతుంది. లోపల పిక్క పట్టేసినప్పుడు చేయాల్సింది ఒకటే. కాలు చాపి, ఫిన్ కొస పట్టుకుని మెల్లగా తనవైపు లాక్కోవాలి. శిక్షణలో మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి.

తర్వాత చూడాల్సింది రెక్క, అంటే పాదం ముందున్న పలక. గట్టిగా ఉన్న రెక్క ఎక్కువ నీటిని తోస్తుంది, ప్రవాహానికి ఎదురీదే సత్తా ఇస్తుంది. కానీ ఆ తోపుకు బదులు తొడ కండరం చెల్లించాలి. మెత్తటి రెక్క కాలికి సుఖం, ఎదురు ప్రవాహంలో మాత్రం నీరసపడుతుంది. కొట్లో దీన్ని పరీక్షించడం తేలిక. కొసను నేలకు ఆనించి పాదం భాగం మీద మెల్లగా అదమండి. రెక్క మొదటి నుంచి చివరిదాకా విల్లులా వంగాలి. పాదం దగ్గర ఒక్కచోటే మడతపడుతుంటే దానివల్ల తోపు రాదు. మధ్యలో చీలిక ఉండే స్ప్లిట్ ఫిన్స్ 1990ల చివర్లో బాగా ప్రచారంలోకి వచ్చాయి. మోకాలి నొప్పి, చీలమండ బలహీనత ఉన్నవాళ్లకు అవి మేలు చేస్తాయి. కాళ్లు పైకీ కిందికీ ఆడించే మామూలు తోపుకు అవి చాలు. కప్ప ఈతకూ, ఉన్నచోటే తిరగడానికీ, వెనక్కి జరగడానికీ మాత్రం సరిగా పనిచేయవు.

కప్ప ఈత ఎందుకంత ముఖ్యమో యాగంటి కోనేరు దగ్గర నిలబడితే తెలుస్తుంది. కొండ లోపలి నుంచి ఊరే నీరు నంది నోటి గుండా వచ్చి కోనేట్లో పడుతుంది. తెల్లవారుజామున జనం రాకముందు నీటి లోపలి మెట్ల అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. కార్తీక సోమవారం పొద్దెక్కి వేల కాళ్లు దిగాక చూస్తే అడుగున పేరుకున్న మడ్డి లేచి రెండో మెట్టు కూడా కనబడదు. నీరు మారలేదు, కాలు పడిన తీరే దాన్ని మార్చింది. మహానందిలో అడుగు దాకా కనిపించే నీళ్లు చూసినవాళ్లకు తేట నీటి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

విశాఖ సముద్రానికీ ఇదే వర్తిస్తుంది. వానల తర్వాత బంగాళాఖాతం తీరం అసలే మసగ్గా ఉంటుంది. అలాంటి చోట నేలకు దగ్గరగా కాళ్లు పైకీ కిందికీ కొట్టుకుంటూ పోతే వెనక వచ్చేవాళ్లకు ఒండ్రు పొగ తప్ప ఏమీ మిగలదు. మోకాళ్లు మడిచి, అరికాళ్లు పక్కకు తిప్పి, నీటిని వెనక్కి తోసి కాసేపు జారుతూ పోయే కప్ప ఈతలో తోపు నేల వైపు పోదు. అది చేయాలంటే రెక్క పొట్టిగా, వెడల్పుగా, కాస్త గట్టిగా ఉండాలి. గుహల్లో, మునిగిన ఓడల్లో దిగే డైవర్లు బరువైన పొట్టి రబ్బరు ఫిన్స్ ఎంచుకునేది అందుకే. కొందరు ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లు వాడే పొడవాటి ఫిన్స్ చూసి ముచ్చటపడి కొంటారు. అవి వేరే విద్యకు చెందినవి. వీపున సిలిండర్ పెట్టుకుని పగడపు రాళ్ల మధ్య తిరిగేటప్పుడు ఆ పొడవు ప్రతి మలుపులోనూ దేనికో ఒకదానికి తగులుతుంది.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. రబ్బరు ఫిన్స్ నీళ్లలో మునుగుతాయి. ప్లాస్టిక్ వాటిలో కొన్ని తేలుతాయి. మందపాటి సూట్ వేసుకునే చల్లటి నీళ్లలో కాళ్లు పైకి తేలిపోతుంటాయి, అక్కడ బరువైన ఫిన్ వాటిని అదుపులో ఉంచుతుంది. మన తీరంలాంటి వెచ్చటి నీళ్లలో పల్చటి సూట్ చాలు. అక్కడ మరీ బరువైనవి వేసుకుంటే కాళ్లు కిందికి లాగేసి మనిషి నిలువుగా నిలబడిపోతాడు. అప్పుడు ప్రతి తోపూ నేలను తవ్వుతుంది. నీళ్లలో కదలకుండా బోర్లా ఉండి చూసుకోండి. కాళ్లు దిగిపోతుంటే తేలికవి, లేచిపోతుంటే బరువైనవి ఎంచుకోండి.

ఆళ్లగడ్డ శిల్పుల కొలిమి దగ్గర కాసేపు నిలబడ్డవాళ్లకు ఈ ఎంపిక తేలిగ్గా అర్థమవుతుంది. రాయి పెచ్చులు లేపే ఉలి వేరు, కనురెప్ప తీర్చే ఉలి వేరు. ఏది గొప్పదని ఏ శిల్పీ అనడు, ఈ రాయికి ఈ పూట ఏది కావాలనే చూస్తాడు. ఫిన్స్ విషయంలో నేను కోరేది ఆ చూపే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫిన్స్ ఈత నేర్పవు. ఉన్న ఈతకు బలం ఇస్తాయి, అంతే. మా వైపు ప్రతి వేసవిలోనూ కాలువల్లో, బావుల్లో పిల్లలు పోతున్నారు. ఆ బాధ చూసినవాణ్ని కనుక తల్లిదండ్రులకు చెబుతున్నాను. పిల్లల కాళ్లకు ఫిన్స్ తగిలించి కాలువలోకి వదలకండి. ముందు పెద్దవాళ్ల కళ్ల ముందు ఈత, తర్వాత అర్హత ఉన్న శిక్షకుడి దగ్గర డైవింగ్, ఆ తర్వాతే సామాను. కోనేర్లు భక్తులవి, అక్కడికి ఈ సామాను తీసుకెళ్లే ఆలోచనే వద్దు.

కొన్నాక చూసుకోవడం కూడా ఎంపికలో భాగమే. ఉప్పు నీళ్ల నుంచి రాగానే మంచినీళ్లతో కడగాలి, నీడలో ఆరబెట్టాలి. కొస మీద నిలబెట్టి గోడకు ఆనిస్తే రెక్క వంకర తిరిగి మళ్లీ సరికాదు. కొత్తప్పుడు పాదం భాగంలో పెట్టి వచ్చే ప్లాస్టిక్ అచ్చును పారేయకుండా, దాచేటప్పుడు మళ్లీ అందులోనే పెట్టాలి.

ఆళ్లగడ్డ కుర్రాడికి చివరికి ఇదే చెప్పాను. ఏ జతా ఇప్పుడే కొనొద్దు. కోర్సు చేసేటప్పుడు శిక్షకుణ్ని అడిగి ఒక రోజు మెత్తటివి, ఒక రోజు గట్టివి అద్దెకు తీసుకో. రెండు రోజులూ పైకి వచ్చాక సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో రాసుకో, పిక్కలు ఎక్కడ నొప్పి పుట్టాయో రాసుకో, నీ వెనక వచ్చినవాణ్ని నీళ్లు ఎట్లున్నాయో అడుగు. ఆ మూడు జవాబులూ చేతిలో పెట్టుకుని కొట్టుకు పో. అప్పుడు కంపెనీ పేరు నువ్వే చెప్తావు.