అవధాని బుర్రలో ఎన్ని తెలివితేటలు?

నిండు సభలో పలువురు ఒకరి తర్వాత ఒకరు అడిగినవాటికి పద్యాల్లో జవాబు చెబుతూ, చివరికి ఆ పద్యాలన్నిటినీ కాగితం చూడకుండా అప్పజెప్పడం అవధానం. అష్టావధానంలో అడిగేవాళ్లు, అంటే పృచ్ఛకులు, ఎనిమిదిమంది. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, ఆశువు, అప్రస్తుత ప్రసంగం దాదాపు ప్రతి సభలోనూ ఉంటాయి. మిగతావి అవధానిని బట్టీ సభను బట్టీ మారుతుంటాయి. ఒకచోట గంటలు లెక్కపెట్టాలి, ఇంకోచోట వీపు మీద పడే పూలు లెక్కపెట్టాలి, మరోచోట తారీఖు చెబితే అది ఏ వారమో తేల్చాలి. ఆశువు తప్ప మిగతా పద్యాలు ఒక్క ఊపులో పూర్తికావు. మొదటి ఆవృత్తిలో ఒక్కో పద్యానికీ మొదటి పాదం, రెండో ఆవృత్తిలో రెండో పాదం చొప్పున నాలుగు ఆవృత్తులు సాగాక అన్నీ అప్పజెప్పే ధారణ. మనిషి తెలివి ఒకటా, అనేకమా అని తేల్చుకోవాలనుకునేవాళ్లు చూడదగ్గ సభ ఇది.

ఈ వాదం పాతదే. 1904లో ఇంగ్లండులో చార్లెస్ స్పియర్‌మన్ బడిపిల్లల మార్కులు పోల్చి చూశాడు. ఒక సబ్జెక్టులో ముందున్నవాళ్లు మిగతావాటిలోనూ ముందే ఉంటున్నారని గమనించి, వీటన్నిటి వెనకా ఉన్న సామర్థ్యం ఒక్కటేనన్నాడు. దానికి ‘జి’ అని పేరు పెట్టాడు. అమెరికన్ మనస్తత్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ‘ఫ్రేమ్స్ ఆఫ్ మైండ్’ పుస్తకంలో దీనికి ఎదురు నిలిచాడు. భాష, తర్కం, సంగీతం, రూపస్థలాల ఊహ, దేహచలనం, ఎదుటివారి మనసు ఎరగడం, తన మనసు తాను ఎరగడం అని ఏడు తెలివితేటలు చూపించాడు. ప్రకృతి పరిజ్ఞానాన్ని తర్వాత ఎనిమిదోదిగా చేర్చాడు.

గార్డ్‌నర్ లెక్కన చూస్తే అవధాని పద్యం భాషాప్రజ్ఞ, దాన్ని రాగంతో చదవడం సంగీతప్రజ్ఞ, వారగణనం తర్కం, అప్రస్తుత ప్రసంగం ఎదుటివాడి మనసు ఎరగడం. అప్రస్తుత ప్రసంగి పని అవధాని దృష్టి మళ్లించడమే. పద్యం మధ్యలో ఉండగా పెళ్లిభోజనం గురించి ఏదో అడుగుతాడు. అవధాని సభను నవ్వించి మళ్లీ పాదంలోకి వెళ్లాలి. స్పియర్‌మన్ పక్షంవాళ్లు మాత్రం ఇన్ని పనులూ చేస్తున్న బుర్ర ఒక్కటే కదా అంటారు. ఇద్దరి మాటా వినడానికి బాగానే ఉంటుంది. కానీ అవధాని ఆ పని ఎలా చేస్తున్నాడో ఇద్దరూ చెప్పరు.

నిషిద్ధాక్షరిని దగ్గరగా చూస్తే కొంత తెలుస్తుంది. అవధాని పలికిన ప్రతి అక్షరం తర్వాత ఏది వాడకూడదో పృచ్ఛకుడు చెబుతుంటాడు. కంద పద్యం మొదలుపెట్టి అవధాని ‘శ్రీ’ అన్నాడనుకుందాం. రాముడు వస్తాడని ఊహించి పృచ్ఛకుడు ‘ర’ నిషేధిస్తాడు. అవధాని ‘కం’ అంటాడు. శ్రీకంఠుడు రాబోతున్నాడని పృచ్ఛకుడు ‘ఠ’ను ఆపేస్తాడు. అవధాని ‘ధ’ వైపు తిరుగుతాడు. శ్రీకంధరుడన్నా శివుడే కదా. ఈలోగా మరో రెండు సంగతులు ఖాయమైపోయాయి. మొదటి అక్షరం గురువు కాబట్టి నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి. ప్రాస ‘క’ కాబట్టి ప్రతి పాదంలో రెండో అక్షరం ‘క’ కావాలి. చూసేవాళ్లకి ఇవి సంకెళ్లు. అవధానికి మాత్రం ఆ పాదాలు మళ్లీ వెతికి పట్టుకోవడానికి ఆనవాళ్లు. వేరే పద్యాల్లోనూ ఇలాంటి ఆనవాళ్లే: ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. ధారణలో ఒక్క అక్షరం జారినా నడక తప్పి చెవికి వెంటనే తెలిసిపోతుంది.

జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనలూ ఈ మాటే చెబుతాయి. మనిషి ఒక్కసారి విని ఏడు అంకెలు, అటూ ఇటూ రెండు, గుర్తుంచుకోగలడని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. విలియం చేజ్, ఆండర్స్ ఎరిక్సన్ ఒక మామూలు కాలేజీ కుర్రాడికి నెలల తరబడి సాధన చేయించి 1980లో ఆ ఫలితం ప్రకటించారు. ఆ కుర్రాడు 79 అంకెల దాకా చెప్పగలిగాడు. పరుగు పందేల మనిషి కాబట్టి అంకెల్ని పరుగు సమయాలుగా మార్చుకుని మూటలు కట్టుకున్నాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మాత్రం మళ్లీ ఆరు దగ్గరికి దిగిపోయాడు. బుర్ర పెరగలేదు, ఆ ఒక్క సరుకుని సర్దుకునే పద్ధతి వచ్చిందంతే. అవధాని చేతిలో ఉన్న పద్ధతి ఛందస్సు.

ఆ సభ నడిచే తీరులోనే నేర్చుకోవడానికి పనికొచ్చే మర్మం ఇంకొకటుంది. మూడో పాదం చెప్పాలంటే మొదటి రెండూ గుర్తుకు రావాలి. అంటే ధారణ చివర్లో హఠాత్తుగా వచ్చిపడే పరీక్ష కాదు, ప్రతి ఆవృత్తిలోనూ అది కొంత జరిగిపోతూనే ఉంటుంది. చదివినదాన్నే మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నదే ఎక్కువకాలం నిలుస్తుందని పరిశోధకులు రోడిగర్, కార్పికే 2006లో ప్రయోగం చేసి చూపారు. అవధానిది సొంత పద్యం కావడం మరో లాభం. విన్నదానికన్నా తాను కల్పించినది మనసులో గట్టిగా పడుతుంది.

దత్తపదిలో కనిపించేది సమయస్ఫూర్తి అనుకుంటారు. ఇచ్చిన నాలుగు పదాలూ వాటి మామూలు అర్థంలో కాకుండా పద్యంలో ఇమడాలి. దోసె, వడ, పూరి ఇచ్చి రామాయణం మీద చెప్పమంటే, దోసె దోసెడు పూలలోకి, వడ వడగాలిలోకి, పూరి పూరిపాకలోకి పోతాయి. (నాలుగోది ఇడ్లీ అయితే మాత్రం అవధాని కాస్త మంచినీళ్లు తాగుతాడు.) ఆ క్షణంలో తట్టేది నిజమే కానీ, తట్టాలంటే ముందు పదాలు కొల్లలుగా నోట్లో ఉండాలి. శబ్దమంజరి, అమరకోశం, కావ్యాలు వల్లెవేయించే పాత చదువు ఇచ్చింది ఆ నిల్వే. అవధానాన్ని ఊరూరా తిప్పిన తిరుపతి వేంకట కవులు చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర చదువుకున్నవాళ్లు. అవధానం ఒక్క భాషకో, పాత కాలానికో చెందినదీ కాదు. కన్నడంలో అవధానాన్ని మళ్లీ నిలబెట్టిన శతావధాని ఆర్. గణేశ్ ఇంజనీరింగ్ చదివినవాడు.

ఏకసంథాగ్రాహి అన్న బిరుదు ఈ శ్రమనంతా కప్పేస్తుంది. అలాగని అందరూ సమానమని కాదు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి శిష్యుల్లో వేటూరి ప్రభాకరశాస్త్రి పరిశోధన వైపు వెళ్లాడు, పింగళి, కాటూరి జంటకవులయ్యారు, విశ్వనాథ సత్యనారాయణ మహాకావ్యం రాసి 1970 జ్ఞానపీఠం అందుకున్నాడు. గురువు ఒకడే అయినా ఎవరి మొగ్గు వారిది.

మొగ్గు వేరు, నేర్చుకునే విధానం వేరు. గార్డ్‌నర్ మాటను బడులు మరోలా అర్థం చేసుకుని, ఈ పిల్ల చూసి నేర్చుకునే రకం, ఆ పిల్లాడు విని నేర్చుకునే రకం అని ముద్రలు వేశాయి. గార్డ్‌నర్ అలా అనలేదు. ఆ ముద్రల ప్రకారం పాఠం చెబితే ఎక్కువ వస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది.

తాను కల్పించినదే మనసులో గట్టిగా పడుతుందన్నాం కానీ, తెలుగు తరగతుల్లో గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, ఏ పద్యమో చెప్పమంటున్నారు. పాదం కట్టమని అడిగేవాళ్లు తక్కువ. తెలుగు మాస్టార్లు వారానికో సమస్య, అంటే పూరించాల్సిన పద్యపాదం, నల్లబల్ల మీద రాసిపెట్టి, తప్పులున్నా సరే, తలా ఒక పాదం పిల్లలచేత చెప్పించాలి.