చుక్క ఎక్కడ పుట్టింది?

ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి లేని రోజుల్లో ముమ్మిడివరం నుంచి యానాం వెళ్లాలంటే గౌతమి పాయను పంటు మీద దాటాలి. కారు దిగిపోయాక పంటు మీద నాలుగు నల్లటి చుక్కలు మిగిలాయంటే, దిగింది అంబాసిడరేనని పందెం కాయొచ్చు. నూనె కారని అంబాసిడర్ ఉందంటే అందులో నూనె అయిపోయి ఉంటుందని నవ్వుకునేవాళ్లూ ఉన్నారు. నవ్వుకి నవ్వేగానీ, ఆ చుక్క ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టడం మాత్రం తేలికైన విద్య కాదు.

పాత కారు నేల మీద చుక్క పడేసిందంటే యజమాని నోట వచ్చే మొదటి మాట "గేర్‌బాక్సు లీకు". ఆ మాట నమ్మి బాక్సు దింపేస్తే ఒక రోజు కష్టం గంగపాలు. కారణం ఆ బండి పుట్టుకలోనే ఉంది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాలో 1950ల చివర్లో అంబాసిడర్ మొదలుపెట్టి, 2014 మే దాకా చేసింది. ఎక్కువ కాలం దానికి ఉన్నది 1489 సీసీ బీఎంసీ ఇంజిను. దాని క్రాంకు వెనక చివర ఇప్పటి బళ్లకున్నట్టు రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీద తిరగేసి కోసిన మర లాంటి గాడి ఉంటుంది. ఇంజిను తిరుగుతున్నంతసేపూ ఆ గాడి నూనెను తిరిగి లోపలికి, ఇంజిను అడుగునున్న సంపులోకి తోస్తుంది. బేరింగులు అరిగి సందు పెరిగితే గాడి ఓడిపోతుంది, నూనె గెలుస్తుంది. అలా గెలిచిన నూనె క్లచ్ ఉండే బెల్ హౌసింగులోకి జారి, అడుగునున్న చిల్లులోంచి బయటపడుతుంది. ఆ చిల్లులో ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతుంటుంది. చిల్లు మట్టితో పూడిపోకుండా అదురుకి కదులుతూ ఉండడమే దాని ఉద్యోగం. గేర్‌బాక్సు ముందు కవరు దగ్గర కారినా నూనె వచ్చేది ఆ పిన్ను మీంచే. రెండు తగువులకీ ఒకటే గుమ్మం అన్నమాట.

అందుకే తెలిసిన మెకానిక్ ముందు స్పానరు పట్టడు. "ఆయ్, ముందు కడగాలండి" అంటాడు. కిరసనాయిలూ బ్రష్షూ పెట్టి ఏళ్లనాటి జిడ్డంతా వదిలించి, తుడిచి ఆరబెడతాడు. ఆ తరవాత ముఖానికి పూసుకునే పౌడరు డబ్బా తెచ్చి, కేసింగు అతుకుల మీద, ప్లగ్గుల చుట్టూ చల్లుతాడు. కోనసీమలో కాస్త తవ్వితే నీరూరుతుంది. షెడ్డులో గుంట తీస్తే వానాకాలానికి అది చెరువే. కాబట్టి ఈ ముస్తాబు చాలాసార్లు జాకీలెక్కించి, దుంగలు ఆనించి, వెల్లకిలా పడుకుని చెయ్యాల్సిందే. బండిని అమలాపురం దాకా తిప్పి తెస్తే పౌడరు చెప్పేస్తుంది: తెల్లటి చోట తడి గీత.

గీతలో కూడా చూడాల్సింది చివర కాదు, మొదలు. నూనె కిందికి జారుతుంది, నడిచే బండి కింది గాలి దాన్ని వెనక్కి ఈడుస్తుంది. కనుక అన్నిటికంటే ఎత్తున, అన్నిటికంటే ముందు తడిసిన చోటే పుట్టిల్లు. ఆ రాత్రి బండి కింద అట్టపెట్టె పరిచి ఉంచితే, చక్రం పక్కనో మధ్యలోనో పడిన మరక ఇంకో సాక్ష్యం. చుక్కను వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తారు. గంధకం కంపు కొట్టే చిక్కటి నూనె గేరాయిలు, నల్లగా కాలిన వాసనేస్తే ఇంజినాయిలు. అమెరికాలో పాత ఆటోమేటిక్ కార్లు సాకే మనవాళ్లకి ఈ బాధ కొంత తక్కువ. అక్కడి ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్‌కి ఎర్ర రంగు కలుపుతారు.

సీలు మార్చే ముందు చూడవలసింది మరొకటుంది. చాలామంది వదిలేసేదీ అదే. గేర్‌బాక్సుకీ, వెనక యాక్సిలుకీ ఊపిరి తీసుకునే చిన్న రంధ్రం ఉంటుంది. బురద కరుచుకుని అది మూసుకుపోతే, లోపలి గాలి వేడికి పెరిగి, బాగున్న సీలుని కూడా తోసుకుని నూనెను బయటికి పంపుతుంది. కొత్త సీలు వేసిన నెలకే మళ్లీ లీకంటే తప్పు సీలుది కాదు. దీనికి తిరకాసు కూడా ఉంది. 1986 గోదావరి వరదకీ, 1996 నవంబరు తుపానుకీ రోడ్ల మీద నీళ్లు నిలిచిన నేల ఇది. కాగి ఉన్న బాక్సు చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని, ఊపిరి రంధ్రంలోంచీ సీలు పెదవి పక్కనుంచీ నీటిని పీల్చుకుంటుంది. నూనె కారే దారే నీరు దూరే దారి. ప్లగ్గు విప్పితే నూనె బదులు మజ్జిగ దిగుతుంది. అలాంటప్పుడు ఒక్కసారి మార్చి ఊరుకోకూడదు. కొత్త నూనె పోసి కాస్త తిప్పి, దాన్నీ వదిలేసి మళ్లీ పొయ్యాలి.

ఇక బాగుచెయ్యడం. పాత చేతుల పనితనం కనిపించేది ప్యాకింగు కొయ్యడంలో. దళసరి కాగితాన్ని కేసింగు అంచు మీద పరిచి, గుండ్రటి తల సుత్తితో అంచు వెంట మెత్తగా తడుతూ పోతే, ఆ అంచే కత్తెరై కాగితాన్ని తన కొలతకి కోసుకుంటుంది. ఇప్పుడు ట్యూబులోంచి సిలికాన్ పిండేస్తున్నారు. పిండటం తప్పు కాదు, దిట్టంగా పిండటం తప్పు. లోపలికి ఉబ్బిన ముక్క ఊడి నూనె దారికి అడ్డం పడుతుంది. డ్రెయిన్ ప్లగ్గు కింది రాగి వాషరు వాడగా వాడగా గట్టిపడుతుంది. దాన్ని పారెయ్యకుండా ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడి అతుక్కుంటుంది. ఉక్కయితే ముంచితే గట్టిపడేది, రాగి తీరు వేరు.

సీలు విషయంలో ఓపికే పనిముట్టు. స్ప్రింగున్న పెదవి నూనె వైపుండాలి. షాఫ్ట్ పళ్లు ఆ పెదవిని చీరకుండా పాలప్యాకెట్టు కవరు చుట్టి, నూనె రాసి, దాని మీంచి జార్చాలి. సుత్తితో ఒక పక్క కొట్టకుండా పాత బేరింగు రింగు ఆనించి సమంగా దించాలి. ఏళ్ల తరబడి ఒకేచోట ఒరుసుకున్న షాఫ్ట్ మీద గోటికి తగిలే గాడి ఉందనుకోండి, ఎంత మంచి సీలూ ఆగదు. చోటుంటే సీలుని రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆపితే పెదవి గాడి మీద కాక నునుపు మీద కూర్చుంటుంది. లీకు ఆపే మందులంటూ సీసాల్లో అమ్మేవి రబ్బరుని ఉబ్బిస్తాయేగానీ గాడిని పూడ్చవు.

పోసే నూనెలోనూ జాగ్రత్త ఉంది. వెనక యాక్సిలుకని తెచ్చిన జీఎల్-5 ఆయిలు గేర్‌బాక్సులో పోస్తే, కొన్నిటిలోని రసాయనం ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తుంది. పాత పుస్తకంలో ఏ నంబరుంటే అదే.

2021 జులైలో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బళ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. బండి పుట్టినప్పటి తీరు మారకూడదన్నది అందులో షరతు. ఇంజినూ బాక్సూ కొత్తవి బిగించేసి చేతులు దులుపుకునే వీల్లేదు గనక, కాగితం ప్యాకింగు కోసే చెయ్యి మళ్లీ అవసరమైంది.

అన్నీ అయ్యాక అట్ట మళ్లీ పరుస్తారు. తెల్లారి చూస్తే సరిగ్గా స్ప్లిట్ పిన్ను కింద ఒక్క చుక్క. యజమాని మొహం వాడిపోతుంది. "అది క్రాంకు గాడిదండి. దానికోసం ఇంజిను దింపక్కర్లేదు" అని మెకానిక్ నూనె డబ్బా ఒకటి డిక్కీలో పెట్టి, గేజీ పుల్ల వారానికోసారి చూసుకోమంటాడు.